మాస్టారు ఒప్పుకోలేదు

ఆ టైలరింగు కొట్లో ఒకప్పుడు అందరూ హడలిపోయే మాట ఒకటుండేది. "విప్పు."

చూడ్డానికి చిన్న మాటే. కానీ కాలరు వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా, జేబు మూల రవ్వంత ముడుచుకున్నా, కటింగ్ మాస్టారు ఆ చొక్కాను ట్యూబులైటు కిందకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూసి, బల్ల మీదకి విసిరి ఆ మాట అన్నాడంటే ఇక అయిపోయినట్టే. పొద్దుటినుంచీ నడుం వంచి వేసిన కుట్టంతా బ్లేడు పెట్టి ఊడదీసుకోవాల్సిందే. ఊడదీసేది ఆయన కాదు లెండి, ఆయన భార్య. ఆయన కొలతలు తీసి కత్తిరిస్తాడు, ఆవిడ కుడుతుంది. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన ఏర్పాటు అది. వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అంటారు. ఆయన మాత్రం చిక్కుదారం అనేవాడు. ఆవిడ ఏ పని మొదలుపెట్టినా ముందు చిక్కులు పడి, ఆనక దారికొస్తుందని ఆయన వెటకారం.

విప్పమని ఊరుకున్నా బాగుండును. "ఇది కుట్టా, కోడి కెలికిన చోటా?" అనేవాడు. "కళ్ళు ఇంట్లో మరిచిపోయి వచ్చావా?" అనేవాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది. అవతల కస్టమరు బెంచీ మీద కూర్చుని, "ఇవాళ ఇస్తానన్నారు కదమ్మా, ఇంకా కాలేదా?" అని నిలదీసేవాడు. అప్పుడావిడ మొహం చిన్నబుచ్చుకుని ఒకటే జవాబు చెప్పేది. "కుట్టడం అయిపోయిందండీ. మాస్టారు ఒప్పుకోలేదు." ఎన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పిందో ఆ ముక్క. ఈ మనిషి నోరు ఒక్క పూట మూతపడితే ఎంత బావుణ్ణో అని మెషీను తొక్కుతూ గొణుక్కున్న రోజులూ లేకపోలేదు.

పాపం, ఏ గడియలో అనుకుందో గాని, అది కాస్తా నిజమైంది.

ఎప్పుడు మొదలైందంటే ఆవిడే చెప్పలేదు. కత్తెర ఆడిస్తూ ఏదో ఒకటి కూనిరాగం తీసే అలవాటుండేది ఆయనకి. అది ముందు పోయింది. తర్వాత కస్టమర్లతో పేచీలు పోయాయి. గోడ మీద ఆయన స్వహస్తాలతో రంగు వేసి తగిలించిన 'బేరాలు లేవు' అనే బోర్డు కింద నిలబడే ఎవరో చొక్కాకి రేటు తగ్గించమని అడిగితే, వాదన పెట్టుకోకుండా తలూపాడు. ఆవిడ అప్పుడైనా కంగారు పడాల్సింది. వయసు మీద పడి మెత్తబడ్డాడు కాబోలు అనుకుంది. తీరా చూస్తే, చిటికెలో కత్తిరించి పడేసే మనిషి బల్ల మీద ఒక్క గుడ్డ పరుచుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా దానికేసి చూస్తూ కూర్చోడం మొదలుపెట్టాడు. ఎప్పటికో గాని దాని మీద కత్తెర పడేది కాదు. మెడలో టేపు వేలాడుతూనే ఉండేది. సుద్దముక్క వేళ్ళ మధ్య అలాగే ఉండేది. అన్నం ముందు పెడితే రెండు ముద్దలు కెలికి లేచేవాడు. పడుకుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అన్నిటికన్నా ఆవిణ్ణి భయపెట్టింది వేరే ఉంది. కుట్టిన చొక్కా తెచ్చి చూపిస్తే, ట్యూబులైటు కిందకి ఎత్తకుండానే, "బాగానే ఉంది" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నోట ఆ మాట విన్న పాపాన పోలేదు.

పిల్లల్లేని ఇల్లది. ఆ లోటు తెలియకుండా ఇంటినిండా వినపడింది ఆ మనిషి నోరే. ఇప్పుడు ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. అన్నేళ్ళుగా అది అక్కడే ఉన్నా, దానికి చప్పుడుందని ఆవిడకి తెలీదు.

మాస్టారి అక్క వచ్చి చూసి వెళ్ళింది. ఆవిడ మాట అంటే ఆ ఇంట్లో శాసనం. వెళ్తూ వెళ్తూ మరదల్ని వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది.

"చూడమ్మా, మనసు బాగోలేదు గినసు బాగోలేదు అని ఎక్కడా అనకు. పిచ్చి అని బయటికి పొక్కిందంటే నీ కొట్టు గడప ఎవడూ తొక్కడు. ఎవరైనా అడిగితే భుజం పట్టేసిందని చెప్పు."

"అబద్ధం ఎన్నాళ్ళు చెప్తాను వదినా?"

"తగ్గేదాకా చెప్పు. అదే తగ్గుతుంది. మగాడికి బద్ధకం వస్తే ఇలాగే ఉంటుంది."

ఈ మనిషికి బద్ధకమా! టైలరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా వదిన మాట జవదాటే ధైర్యం లేక భుజం పట్టేసిందనే చెప్పింది. చెప్పడమే తరువాయి, వీధి వీధంతా ఆ భుజాన్ని దత్తత తీసుకుంది. ఒకరు తైలం తెచ్చారు, ఒకరు వేణ్ణీళ్ళ సంచీ తెచ్చారు. తన చొక్కాలన్నీ అక్కడే కుట్టించుకునే బ్యాంకు క్లర్కు ఎక్కడినుంచో ఘాటైన మలాము సంపాదించి, తన చేత్తోనే రాసి మరీ వెళ్ళాడు. మాస్టారు ఆ నిక్షేపంలాంటి భుజాన్ని చాపి, అందరిచేతా మర్దనా చేయించుకున్నాడు. వద్దనడానికి కూడా ఓపిక లేదు ఆయనకి. కొట్లో బట్టలు కూడా మలాము వాసన కొట్టేవి. చివరికి పదిమంది పోరు పడలేక ఎముకల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. ఆయన ఫోటో తీయించి, వెలుగులో పెట్టి చూసి, "ఈ భుజం ఇంకో మనిషికి కూడా సరిపోతుందమ్మా, అంత బాగుంది" అన్నాడు. ఫీజు మాత్రం మానలేదు.

ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా మనసు జబ్బుల డాక్టరు కోసం తనే కాళ్ళరిగేలా తిరిగింది. బజారు చివర అద్దాల తలుపులున్న క్లినిక్కు ఒకటి కనపడింది. లోపల మెత్తటి సోఫాలు, చల్లటి గాలి, మెల్లగా వినపడే సంగీతం. కౌంటరు దగ్గర అమ్మాయి మర్యాదగానే ఫీజు చెప్పింది. ఒకసారి వస్తే సరిపోదనీ, వారం వారం రావాలనీ కూడా చెప్పింది. టైలరమ్మ మనసులో ఆ ఫీజుని చొక్కాల్లోకి మార్చి చూసుకుంది. చొక్కాలు చాల్లేదు. ప్యాంట్లు కలిపింది. అవీ చాల్లేదు. "మళ్ళీ వస్తానమ్మా" అని చెప్పి బయటికొచ్చి, ఎదురుగా ఉన్న బస్టాపులో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏం చేస్తుంది మరి? డబ్బులేనివాళ్ళకి దిగులు రాకూడదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే జాగ్రత్త పడేవాళ్ళు కాబోలు.

అదిగో, ఆ తర్వాతే ఆవిడకి ఆ పాడు ఆలోచన వచ్చింది.

ఒకరోజు చొక్కా కుడుతూ, కాలరు దగ్గరికొచ్చేసరికి అలవాటు చొప్పున ఆగింది. సరిగ్గా అక్కడే ఆయన వెనకనుంచి వచ్చి, భుజం మీదుగా తొంగిచూసి, ఏదో ఒక పుల్లవిరుపు మాట అనేవాడు. ఆగింది గాని, వెనక ఎవరూ రాలేదు. ఆ ఖాళీ ఆవిడ భరించలేకపోయింది. ఒక్క మాట, ఎంత చేదుమాటైనా సరే, ఆ గొంతులోంచి వస్తే చాలనిపించింది. తప్పు కనపడితే ఊరుకోలేని మనిషి కదా, తప్పు కనపడనీ, చూద్దాం అనుకుంది.

మొదట గుండీలకి వేరే రంగు దారం వేసింది. "బాగానే ఉంది." కాలరు ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి చేసింది. "బాగానే ఉంది." చేతి పట్టీ తిరగేసి కుట్టింది. "బాగానే ఉంది." చేయి తిరిగిన పనివాళ్ళకి తప్పు కుట్టడం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడే తెలిసింది. చేతులు వాటంతటవే సరైన దారికి పోతుంటే బలవంతాన లాక్కురావాలి. చూపించి, ఆ మాట విని, లోపలికెళ్ళి తన తప్పు తనే విప్పుకుని, మళ్ళీ సరిగ్గా కుట్టి ఇచ్చేది. విప్పుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగి బ్లేడు కనపడేది కాదు.

పెద్దాసుపత్రి నర్సమ్మ యూనిఫారం కుట్టడానికి ఇచ్చినప్పుడు ఆవిడ తెగించింది. ఎడమ వైపు ఉండాల్సిన జేబుని కుడివైపు కుట్టేసింది, అదీ ఏటవాలుగా. గుడ్డివాడికైనా వేలికి తగిలే తప్పు. తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. వేలితో ఆ జేబు అంచు తడిమాడు. టైలరమ్మ ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. అను, ఒక్కసారి అను, తిట్టు, బల్ల మీదకి విసిరికొట్టు. ఆవిడ పెదాలు ఆ మాటని తనే పలికేటట్టున్నాయి.

"బాగానే ఉంది" అని, ఆయన దాన్ని తన చేత్తోనే మడతపెట్టి సంచీలో వేశాడు.

ఆవిడకి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆయన మీదా, తన మీదా, ఎవరి మీదో. విప్పకుండా అలాగే వదిలేసింది. ఆ సాయంత్రమే నర్సమ్మ వచ్చి సంచీ తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ అదే యూనిఫారం వేసుకుని కొట్టు గుమ్మంలో నిలబడింది. పెద్దావిడ, బొద్దుగా ఉంటుంది, ఊరికే కోపం తెచ్చుకునే రకం కాదు.

"టైలరమ్మా, నేను కుడిచేత్తో రాసే మనిషిని. పెన్ను తీయాలంటే ఇలా మెలికలు తిరగాలా? రాత్రి డ్యూటీకి వేసుకెళ్తే వార్డులో పేషెంట్లు ఒకటే నవ్వు." అని, నవ్వుతూనే దగ్గరికొచ్చి, "అయినా దీన్ని మాస్టారు ఒప్పుకున్నారా?" అంది.

ఇంకేమన్నా అడిగి ఉంటే తట్టుకునేది. ఆ ఒక్క ప్రశ్నకి టైలరమ్మ కట్ట తెగినట్టు ఏడ్చేసింది. నర్సమ్మ సంచీ కింద పెట్టి, ఆవిణ్ణి మెషీను స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించింది. ఆ పక్కనే కటింగ్ బల్ల దగ్గర మాస్టారు తలొంచుకుని కూర్చునే ఉన్నాడు.

"భుజం అని చెప్పావుగా నువ్వు?"

"భుజానికేం నర్సమ్మా, రాయిలా ఉంది. మనిషే... మనిషే లేడు లోపల."

నర్సమ్మ మాస్టారి వైపు కాసేపు చూసింది. తర్వాత మామూలు గొంతుతో, మెడికల్ షాపుకి దారి చెప్పినట్టు చెప్పింది. "మా ఆసుపత్రిలోనే ఉందమ్మా దానికి డాక్టరు. వెనకవైపు, బట్టలుతికే షెడ్డు దాటాక. బోర్డు కూడా సరిగా కనపడదు, అందుకే ఎవరికీ తెలీదు. పొద్దున్నే వచ్చి చీటీ తీసుకో. మందులు అక్కడే ఇస్తారు, పైసా కట్టక్కర్లేదు."

"మందులతోనే తగ్గుతుందా?"

"మందులతో పాటు కూర్చోబెట్టి మాట్లాడించే వైద్యం కూడా ఉంటుంది. దానికి మా దగ్గర నెలల తరబడి వరస. కానీ డాక్టరమ్మ సాయంత్రాలు బయట ఒక చిన్న క్లినిక్కులో కూర్చుంటుంది. అక్కడ ఫీజు ఉంటుంది. తగ్గించమని అడుగు. అడిగితే తగ్గిస్తారు, అడక్కపోతే ఎవరూ చెప్పరు."

టైలరమ్మ తలెత్తి గోడ మీద బోర్డు చూసింది. బేరాలు లేవు. దాని కింద కూర్చుని జన్మంతా బేరమాడేవాళ్ళని ఈసడించుకుంది. ఇప్పుడు తను వెళ్ళి బేరమాడాలి, అదీ డాక్టరుతో. సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. "సరే, అడుగుతాను" అంది.

ఆసుపత్రికి బయల్దేరదీసినప్పుడు మాస్టారు ఎక్కడికి అని కూడా అడగలేదు. చెప్పులు వేసుకుని వెంట వచ్చాడు. ఆ విభాగం ముందు వరండాలో బెంచీల మీద జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. ఒక మూల, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాయన చొక్కా చూసి టైలరమ్మ ఉలిక్కిపడింది. అది తను కుట్టిన చొక్కా. రెండుసార్లు విప్పించి కుట్టించిన చొక్కా, మరిచిపోతుందా? పేపరు కిందకి దిగింది. బ్యాంకు క్లర్కు!

ఇద్దరికీ గొంతులో వెలక్కాయ పడింది. ముందు తేరుకున్నది ఆయనే. పక్కకి జరిగి చోటిచ్చాడు.

"భుజం ఎలా ఉంది మాస్టారూ?" అన్నాడు మెల్లగా.

టైలరమ్మే అంది. "మీరు ఇక్కడ..."

"నేను ఆఫీసులో నడుం నొప్పి అని చెప్పానమ్మా. వారం వారం నడుం నొప్పికి సెలవు పెడుతున్నాను." అని ఆయన చిన్నగా నవ్వాడు. "మా మేనేజరు నాకు కొత్త కుర్చీ కూడా తెప్పించాడు."

టైలరమ్మకి నవ్వొచ్చింది. ఎంతకాలమైందో నవ్వి. ఆ వరండాలో, ఆ ఫినాయిలు వాసనలో, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళుగానో ఒంటరిగా మోస్తున్న మూటని ఎవరో ఒక చేయి వేసి పట్టుకున్నట్టనిపించింది.

డాక్టరమ్మ చిన్న వయసుదే. కళ్ళజోడు జారిపోతుంటే వేలితో పైకి తోసుకుంటూ అన్నీ ఓపిగ్గా విన్నది. ఇది డిప్రెషన్ అనే జబ్బనీ, బద్ధకం కాదు, పొగరు కాదు, ఎవరి పాపమూ కాదనీ చెప్పింది. మందులు పనిచేయడానికి వారాలు పడుతుందనీ, మొదట్లో మగతగా ఉంటుందనీ, మధ్యలో మానేయకూడదనీ చెప్పింది. తర్వాత మాటల వైద్యం సంగతి వచ్చింది. టైలరమ్మ చీర అంచు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"అమ్మా, ఫీజు... కొంచెం... తగ్గిస్తారని..."

"ఎంత ఇవ్వగలరు?"

ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. ఉన్న పరువంతా కూడగట్టుకుని ఒక మొత్తం చెప్పింది. చెప్పి, తక్కువైందేమోనని తల దించుకుంది.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "అది ఎక్కువ చెప్పారు."

"ఎక్కువా?"

"రెండు వారాలు ఇచ్చి మూడోవారం మానేసేంత చెప్పారు. నాకు నెలల తరబడి మీరు రావాలి. ఇల్లు గడిచాక, కొట్టు అద్దె కట్టాక ఇవ్వగలిగింది చెప్పండి."

ఇదేం విడ్డూరమమ్మా, ఇచ్చేవాళ్ళు పైకి పోతుంటే పుచ్చుకునేవాళ్ళు కిందకి లాగడం! చివరికి ఆ బేరం ఎక్కడో ఒక చోట తెగింది.

"ఇంతకీ మాస్టారు ఎలా ఉండాలని మీ కోరిక?" అడిగింది డాక్టరమ్మ.

"నన్ను తిట్టాలండీ" అనేసింది టైలరమ్మ. అని నాలిక్కరుచుకుంది గాని, వచ్చిన మాట ఆగలేదు. విప్పు అనే మాట గురించి చెప్పింది. ఆ మాట కోసం తను మొహం వాచి ఉందని చెప్పింది. కావాలని కుట్టిన తప్పుల గురించీ, నర్సమ్మ జేబు గురించీ చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఆ తప్పులు ఇక ఆపేయండి. అది ఆయనకి పరీక్ష పెట్టినట్టు. కాలు విరిగినవాణ్ణి పరిగెత్తమని..."

"చూశాను."

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. మాస్టారు నేలకేసే చూస్తున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"అన్నీ చూశాను. దారం రంగు. కాలరు. పట్టీ."

"జేబు కూడానా?" టైలరమ్మ ముందుకి వంగింది.

"జేబు కూడా. నోరు లేవలేదు. అంత తప్పు చూసి కూడా నోరు లేవలేదంటే ఇంక నేనెందుకు అనిపించింది."

టైలరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. బయట జనం ఉన్నారని గాని, డాక్టరమ్మ చూస్తోందని గాని ఆవిడకి పట్టలేదు. లోపల మనిషే లేడనుకుంది ఇన్నాళ్ళూ. ఉన్నాడు. ఉండి, అన్నీ చూస్తూ, పైకి రాలేక కొట్టుకుంటున్నాడు. ఆ మనిషికి తను తప్పు మీద తప్పు చూపిస్తూ వచ్చింది. ఎంత పని చేసింది!

ఆ రోజు నుంచి ఒక్క తప్పు కుట్టు వేయలేదు.

ఇక మిగిలింది ఫీజు. ఎంత తగ్గించినా వారం వారం ఇవ్వాలి కదా. మాస్టారు కత్తిరించందే చొక్కాలు లేవు, కొట్లోకి వచ్చేది అంతంతమాత్రం. అప్పుడావిడ ఊరి చివర మందుల ఫ్యాక్టరీకి వెళ్ళి, పనివాళ్ళ తెల్లకోట్లు కుట్టే ఆర్డరు అడిగి తెచ్చుకుంది. గుడ్డ వాళ్ళే మిషను మీద కత్తిరించి కట్టలు కట్టి పంపుతారు, కుట్టి ఇస్తే చాలు. చిన్నది, మధ్యది, పెద్దది. అంతే, మనిషితో పనిలేదు. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఇదే ఆర్డరు పట్టుకుని కొట్టుకే వస్తే, "నేను మనుషులకి కుడతానయ్యా, సైజులకి కాదు" అని మాస్టారు గుమ్మంలోంచే పంపేశాడు. ఆ సంగతి సూపర్‌వైజరు మరిచిపోలేదు. దెప్పి మరీ ఆర్డరిచ్చాడు. ఆవిడ పళ్ళబిగువున అన్నీ విని కట్టలు ఆటోలో వేయించుకుంది.

కట్టలు కొట్లోకి దిగుతుంటే మాస్టారు చూశాడు. ఏమీ అనలేదు. అన్నా బావుండునని ఆవిడ మనసు మళ్ళీ కొట్టుకుంది.

వైద్యమంటే మాయా మంత్రమా? మొదటి మందులకి ఆయన పగలంతా మగతగా పడుండేవాడు. చేతులు వణికేవి. డాక్టరమ్మ మందు మార్చింది. ఒకరోజు ముద్ద ముద్దా తిని కంచం ఖాళీ చేస్తే ఆవిడ పండగ చేసుకుంది. మర్నాడు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారం వారం సాయంత్రం ఇద్దరూ ఆ చిన్న క్లినిక్కుకి నడిచి వెళ్ళేవారు. ఆయన లోపల మాట్లాడుతుంటే ఆవిడ బయట కూర్చునేది. తలుపు సందులోంచి మాటలు వినపడేవి కావు గాని, గొంతు వినపడేది. మొదట్లో డాక్టరమ్మ గొంతే ఎక్కువ. తర్వాత తర్వాత అప్పుడప్పుడు ఆయనది. ఏం మాట్లాడుతున్నాడో తెలియకపోయినా, ఆ గొంతుకోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది. తనతో కాకపోయినా ఎవరో ఒకరితో మాట్లాడుతున్నాడు కదా అని సరిపెట్టుకునేది. నిజం చెప్పాలంటే కాస్త కుళ్ళుకునేది కూడా.

ఒకసారి దారిలో ఆయనే ఆగి, "డబ్బు దండగ. మానేద్దాం" అన్నాడు. "నువ్వలా ఆ సంచులు కుట్టడం..."

తెల్లకోట్లని సంచులన్నాడు! ఆవిడకి లోలోపల ఎంత సంతోషమేసిందో. పైకి మాత్రం మొహం గంటు పెట్టుకుని, "కొట్లో బోర్డు ఏముంది? బేరాలు లేవు. నడవండి" అంది.

వదినకి సంగతి తెలిసి ఫోనులో గోలపెట్టింది. టైలరమ్మ మొదటిసారి ఆవిడకి ఎదురుచెప్పింది. "భుజం కాదు వదినా, మనసే. వైద్యం చేయిస్తున్నాం. అడిగినవాళ్ళకి అదే చెప్తున్నాను." కొట్టు గడప తొక్కేవాళ్ళు తగ్గలేదు. తైలాలు తెచ్చేవాళ్ళు మాత్రం తగ్గారు.

అలా వానలు వెళ్ళిపోయాయి. ఒక ఉదయం, మధ్యాహ్నానికల్లా తెల్లకోట్ల కట్ట పంపాల్సి ఉండగా, ఆవిడ ఆఖరి కోటుకి గుండీలు కుడుతోంది. ఆలస్యమైతే వచ్చే ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తానని సూపర్‌వైజరు ముందే హెచ్చరించాడు. ఆ ఆర్డరు ఉంటేనే వచ్చే వారాల ఫీజు. మాస్టారు ఈమధ్య పొద్దున్నే కొట్టుకొచ్చి కాజాలు కత్తిరించి పెడుతున్నాడు, అదీ ముభావంగానే. ఆయన లేచి, కుట్టిన కోట్ల దొంతర దగ్గరికి వెళ్ళి, పైనున్న కోటు అంచు బొటనవేలితో రుద్దాడు. ఇంకోటి తీశాడు. అదీ రుద్దాడు. దాన్ని ట్యూబులైటు కిందకి ఎత్తి పట్టుకున్నాడు.

టైలరమ్మ చేతిలో సూది ఆగిపోయింది. ఒట్టు, ఆవిడ ఏ తప్పూ చేయలేదు. అన్నీ సరిగ్గా కుట్టింది.

ఆయన ఒక కన్ను మూశాడు.

"వీపు ముక్క తిరగేసి కుట్టావు."

"లేదే!"

"తెల్లగుడ్డకి రెండు పక్కలూ ఒకలాగే కనపడతాయి. వేలికి తెలుస్తుంది. ఇటు నున్నగా ఉంది, అటు గరుకు. గరుకు పక్క పైకి వచ్చింది. ఈ దొంతరంతా అంతే." ఆయన కోటుని బల్ల మీదకి విసిరాడు. "కళ్ళు లేకపోతే పోనీ, వేళ్ళు కూడా ఇంట్లో మరిచిపోయి వచ్చావా చిక్కుదారం? విప్పు."

టైలరమ్మ వేలితో రుద్ది చూసింది. నిజమే. అలసటలో గమనించుకోలేదు. నిజంగా చేసిన తప్పు, తనకే తెలియని తప్పు. దాన్ని ఆ సూపర్‌వైజరు జన్మలో కనిపెట్టలేడు. ఫ్యాక్టరీలో వేసుకునేవాళ్ళూ కనిపెట్టలేరు. అలాగే పంపేస్తే మధ్యాహ్నానికి డబ్బు చేతిలో పడుతుంది. విప్పితే ఇవాళ కాదు కదా, రేపటికి కూడా కాదు.

ఆవిడ డ్రాయరులోంచి బ్లేడు తీసింది. కళ్ళు నిండిపోయి మొదటి కుట్టు కనపడలేదు. చెంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏడుస్తావెందుకు? తప్పు చేసేటప్పుడు ఉండాలి బుద్ధి" అని గొణిగి, ఆయన ఇంకో బ్లేడు తీసుకుని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో విప్పడానికి ఆయన కూర్చోడం ఇదే మొదలు. ఆయన చేతులు ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉన్నాయి. వచ్చే వారం క్లినిక్కుకి వెళ్ళాలి, ఆపై వారమూ వెళ్ళాలి. ఆ డబ్బు ఎలాగో ఒకలా చూసుకోవాలి. ఇవన్నీ ఆవిడకి తెలుసు.

మధ్యాహ్నం బయట వ్యాను హారను మోగింది. సూపర్‌వైజరు గుమ్మంలోకి వచ్చి, చుట్టూ ఊడదీసిన తెల్లటి ముక్కల కుప్పలు చూసి గుడ్లు తేలేశాడు.

"ఏంటమ్మా ఇది? ఇంకా కాలేదా?"

టైలరమ్మ లేచి నిలబడింది. ఒళ్ళోంచి దారప్పోగులు దులుపుకుంది. పక్క కొట్టువాళ్ళకి, ఎదురు కొట్టువాళ్ళకి, వీధి వీధంతటికీ వినపడేటట్టు చెప్పింది.

"కుట్టడం అయిపోయిందండీ. మాస్టారు ఒప్పుకోలేదు."